నల్లగా వస్తే మంచిది

స్కానింగ్ గదిలో పనిచేసే ఆ టెక్నీషియన్‌కి తోటివాళ్లు పెట్టిన పేరు రాతిమొహం. పెళ్లికీ చావుకీ ఒకటే మొహం పెడతాడని ఇంటావిడ ఫిర్యాదు. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో మొగుడి మొహం చూసి చెప్పలేక ఆవిడే ముందు రుచి చూసుకుని వడ్డిస్తుంది. నిజానికది పుట్టుకతో వచ్చిన మొహం కాదు, ఉద్యోగం కోసం కష్టపడి తెచ్చుకున్నది. స్కాన్ అయి బయటికొచ్చిన ప్రతి మనిషీ ముందు చూసేది తీసినవాడి మొహాన్నే. నుదుటిమీద ఒక్క ముడత కనిపించిందా, ఆ మనిషి కాళ్లు చల్లబడిపోతాయి. అందుకే ఎవరేమడిగినా "డాక్టరుగారు చెబుతారండి" అని ఒక్క ముక్క అని ఊరుకుంటాడు.

ఈమధ్య వాళ్ల ఆసుపత్రిలో కొత్త రకం స్కాన్ మొదలైంది. ముందురోజు రక్తంలోకి మందు ఎక్కిస్తారు. మందంటే ఇనుమే, కాకపోతే కంటికి ఆనని నానో నలుసులుగా చేసి, పైన చక్కెర లాంటి పూత పూసిన ఇనుము. ఒంట్లో కాపలా తిరిగే కణాలు ఆ నలుసుల్ని మింగి, తీసుకెళ్లి లింఫు గ్రంథుల్లో, అంటే జ్వరాలొస్తే బిళ్ల కట్టేవాటిల్లో, చేరుస్తాయి. మర్నాడు ఫొటో తీస్తే ఆరోగ్యంగా ఉన్న గ్రంథి నల్లగా కనిపిస్తుంది. క్యాన్సర్ పాగా వేసిన చోట కాపలావాళ్లకి జాగా ఉండదు, ఇనుమూ చేరదు, ఆ గ్రంథి తెల్లగానే మిగిలిపోతుంది. లోకమంతా తెలుపు వెంట పడితే పడనీ, ఆ గదిలో మాత్రం నలుపు కోసం దండం పెట్టుకోవాలి.

ఆ గదికి ఒకరోజు అతని అక్క వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. కుట్టుమిషన్ ఆగినా ఆవిడ నోరు ఆగదు. పేగులో క్యాన్సర్ గడ్డ ఉందని అంతకుముందే తేలింది. గ్రంథులన్నీ నల్లగా వస్తే ఆపరేషన్‌తో సరిపోతుంది. ఒక్కటి తెల్లగా ఉన్నా కత్తి ఒక్కటే చాలదు, కథ చాలా దూరం పోతుంది.

"వేరేవాళ్లు తీస్తార్లే అక్కా," అన్నాడు తమ్ముడు.

"పరాయివాళ్ల మొహాలు నాకు చదవడం రాదు. నువ్వే తియ్యి."

"నా మొహం ఎవరూ చదవలేరు."

"చూద్దాం. చిన్నప్పుడు నీ అబద్ధాలన్నీ ఎవర్రా పట్టుకుంది?"

తాడిని తన్నేవాడి తలదన్నే మనిషి తనకన్నా ముందే ఇంట్లో పుట్టి ఉంటే అతను మాత్రం ఏం చేస్తాడు? అక్కని బల్లమీద పడుకోబెట్టి, లోపలికి పంపి, అద్దం ఇవతల మైకు ముందు కూర్చున్నాడు.

"ఊపిరి పీల్చండి. బిగపట్టండి... ఇక వదలండి."

"ఏంట్రా ఈ మర్యాద?" అని లోపల్నుంచి నవ్వు.

"కదలకు అక్కా."

ఫొటోలు ఒక్కొక్కటే తెరమీదికొస్తున్నాయి. నలుపు. ఆ పక్కదీ నలుపే. అతనికి ధైర్యం వచ్చింది. చివరిసారి బిగపట్టమన్నాక, అంతకుముందు తీసిన ఫొటో తెరమీద తేలింది. పెద్ద రక్తనాళం పక్కన పప్పుబద్దంత గ్రంథి, తెల్లగా. పెద్దది చేసి చూశాడు. తెలుపే. మొహంలో మాత్రం ఒక్క గీత కూడా కదల్లేదు. మిషన్ చప్పుడు ఆగిపోయింది. అతను చూస్తూనే ఉన్నాడు. స్పీకర్లోంచి అక్క దగ్గు వినిపించాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

బల్ల బయటికి జరిగింది. అతను ఎప్పటి మొహంతోనే ఎదురెళ్లి, చెయ్యి పట్టి లేపాడు.

"డాక్టరుగారు చెబుతారు."

అక్క తమ్ముడి మొహం వైపు పెద్దగా చూడనైనా లేదు. వీడిపోయిన జుట్టు ముడేసుకుంది.

"మొహం బాగానే పెట్టావురా. కానీ బిగపట్టమని, వదలమనడం మర్చిపోయావు. ఇంతకుముందు ఎవరికైనా అలా మర్చిపోయావా?"

లేదని తల ఊపాడు.

"తెల్లవి ఎన్ని?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరికీ చెప్పని మాట. "ఒకటి," అన్నాడు. ఏడుపొచ్చింది.

అక్క అతని వీపుమీద చెయ్యేసింది. "మీ బావకి నేను చెప్పుకుంటాలే. ముందు నువ్వు ఊపిరి వదులు."