కోడిపిల్లల దాణా, అత్తయ్య పల్లీపొడి

నవ్వకుండా వింటానంటేనే చెప్తాను. మొన్న నా పుణ్యమా అని ఒక లారీ దాణా ఆగిపోయింది, ఇంట్లో మా అత్తయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

నా ఉద్యోగం తెలుసుగా. అమెరికాలో మేముండే నేపర్‌విల్‌లో మనవాళ్లంతా పొద్దున్నే చికాగో ట్రైన్ ఎక్కుతుంటే, నేను పొలాల వైపు డ్రైవ్ చేసుకుంటూ పోతాను. ఒక చిన్న ల్యాబ్‌లో కోళ్ల దాణాని టెస్ట్ చేస్తాను. గింజలకి తడి తగిలి బూజు పడితే అందులో విషం పుడుతుంది. కంటికి కనపడదు, వేయించినా పూర్తిగా పోదు, కోడిపిల్లల లివర్ దెబ్బతింటుంది. "తేమ తగిలే చోట పెట్టకండి, పాత సరుకు వాడకండి" అని రైతులకి ఫోన్‌లో క్లాసు పీకేది కూడా నేనే.

మొన్న పార్కింగ్‌లో, దాణా తయారుచేసే ఫీడ్ మిల్ డ్రైవర్ ఎదురై జిప్ బ్యాగ్‌లో పొడి కొట్టిన దాణా శాంపిల్ ఇచ్చాడు. లారీ లోడ్ అయిందట, రిజల్ట్ రాగానే బయల్దేరతాడట. చేతులు ఖాళీ లేక దాన్ని నా లంచ్ బ్యాగ్‌లో పడేశాను. అందులో అప్పటికే ఇంకో జిప్ బ్యాగ్ ఉంది.

అది అత్తయ్యది. ఈ వేసవికి మా దగ్గరికి వచ్చారు. కారు నడపలేరు, పక్కింటావిడతో మాటలు "హాయ్" దగ్గరే ఆగిపోతాయి. ఇక ఆవిడకి ఇక్కడ ఉన్న రాజ్యమల్లా వంటిల్లే. నాకు చప్పటి కూర దిగదని సన్నటి సెగ మీద పల్లీలు వేయించి, పొడి కొట్టి, రోజూ లంచ్‌తో పాటు కాస్త కట్టి ఇస్తారు.

నాకేమో జలుబు, ముక్కు పూర్తిగా బంద్. చేతికి అందిన బ్యాగ్ తీసి టెస్ట్‌కి పెట్టేశాను. కాస్త జిడ్డుగా ఉందేంటి అనిపించింది. మిల్ వాళ్లు ఫ్యాట్ ఎక్కువ కలిపారులే అని సరిపెట్టుకున్నాను. లేబుల్ చూడకుండా శాంపిల్ ముట్టుకోకూడదన్నది ల్యాబ్‌లో మొదటి రూల్. కొత్తవాళ్లకి ఆ రూల్ నేర్పేది కూడా ఈ మహాతల్లే.

రిజల్ట్ చూస్తే బూజు విషం లిమిట్ దాటిపోయింది. మా మేనేజర్ లిండా వెంటనే లారీ ఆపించింది. డ్రైవర్ బయట తల పట్టుకుని కూర్చున్నాడు. కోడిపిల్లల్ని కాపాడానని నేను మాత్రం మంచి గర్వంగా లంచ్‌కి వెళ్లాను.

బీన్స్ కూర మీద పొడి బాగా చల్లుకుని నాలుగు ముద్దలు లాగించాను. కరకరమంటోంది. అత్తయ్య ఈసారి బరకగా కొట్టారేమో అనుకున్నాను. ఐదో ముద్దకి బ్యాగ్ తిప్పి చూస్తే మిల్ వాళ్ల లేబుల్.

నోట్లో ముద్ద టిష్యూలో ఉమ్మేశాను. లిండా దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ నా లంచ్ బ్యాగ్ వైపు చూసి, "మిగిలింది ఉందా, టెస్ట్ చెయ్యడానికి?" అంది. ఉంది. చేశాం. శుభ్రంగా పాస్. డ్రైవర్‌కి సారీ చెప్పి లారీ పంపించాం. పల్లీలకి పద్ధతి వేరు కాబట్టి పొడిని ఆ పద్ధతిలో మళ్లీ చేశాను. మళ్లీ ఫెయిల్.

ఇంటికి వెళ్లే దారంతా ఇదే బెంగ. లారీలకి లారీలు రిజెక్ట్ చేసేదాన్ని, ఒక్క డబ్బా పొడి పారెయ్యమని ఆవిడతో ఎలా చెప్పను? ఆవిడ మా కోసం చేస్తున్న ఒక్క పనికీ వంక పెట్టినట్టు అవుతుంది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తయ్య ఇంకో డబ్బా నింపుతున్నారు. "నీకు నచ్చిందని మళ్లీ కొట్టానమ్మాయ్."

ఇక దాచి లాభం లేదు, చెప్పేశాను. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. కళ్లు నిండిపోయాయి. "నా చేత్తో మీకు విషం పెట్టానా?"

"మీ చేతిది కాదత్తయ్యా. సేల్‌లో వచ్చాయని బస్తా కొని, గరాజ్‌లో వాషింగ్ మెషీన్ పక్కన నెలల తరబడి పడేసింది నేను. ఊళ్లో రైతులందరికీ నీతులు చెప్పేది నేను."

ఆవిడ రెండు డబ్బాలూ చెత్తలో గుమ్మరించారు. తర్వాత నా దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "ఇవాళ ఎంత తిన్నావే? కడుపులో ఎలా ఉంది?" అన్నారు. పొడి పోయినందుకు కాదు, నాకేమవుతుందోనని ఆవిడ బెంగ. నాకు ఏడుపొచ్చేసింది.

"ఇవాళ పొడి తినలేదత్తయ్యా" అన్నాను ముక్కు చీదుకుంటూ. "పొరపాటున కోళ్ల దాణా తిన్నాను."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "ఆ దాణా పరీక్ష పాసైందా?"

"పాసైంది."

"హమ్మయ్య," అంటూ పక్కనే కూలబడ్డారు. "రేపట్నుంచి బాక్సులోకి అదే పట్టుకురా తల్లీ."