అత్త తీర్చనివ్వని బదులు

కుంట ఊరి నుంచి దిగువకు వచ్చే పడవాయన మొన్న రేవులో దిగుతూనే మా ఇంటికి వచ్చాడు. "మీ పక్కింటత్త పోయిందమ్మా. చింతపండు కొట్టుకుంట కొట్టుకుంటనే పక్కకు ఒరిగిందంట" అన్నాడు. నేను కూనవరంలో మా అత్తగారింట ఉంటున్నాను. ఉన్నపళంగా ఆ పడవలోనే బయల్దేరాను.

శబరి ఒడ్డున, బస్తరు సంస్థానం కొసన ఉన్న మా పుట్టింటి ఊళ్లో ఆమెది మా పక్క ఇల్లు. రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్న అక్కా అని పిలిచేవాడు గనుక నాకు అత్త. నోరు మహా పెద్దది. ఆమె ఎవరినీ తిట్టని రోజున ఒంట్లో బాగాలేదేమోనని గోడ మీద నుంచి తొంగిచూసేవాళ్లం. బుగ్గన ఎప్పుడూ వేయించిన చింతగింజ ఒకటి ఉండేది. తిట్టాలంటే ముందు దాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకునేది. అది చూసి పారిపోయే వ్యవధి మాకు దొరికేది.

నా పెళ్లికి ముందు వేసవిలో అమ్మ ఒంట్లో రక్తం తగ్గిపోయింది. మొహం పాలిపోయి, కాళ్లు వాచి, కూర్చుంటే కళ్లు తిరిగేవి. కుంట సర్కారు దవాఖానాలో డాక్టరుగారు డబ్బు అడక్కుండానే చూశారు. కానీ రక్తం పట్టించే సూదిమందు అక్కడికి రాదట. చీటీ రాసిచ్చి, రాజమండ్రి నుంచి తెప్పించుకోమన్నారు. ఆలస్యమైతే మనిషి దక్కదని నాన్నను పక్కకు పిలిచి చెప్పారు.

మాకున్నదల్లా పెరట్లో రాలగొట్టిన చింతకాయ. పెంకు తీసి, గింజ తీసి ముద్ద చేస్తే మంచి ధర. ఆ పని ఏటా అమ్మ చేసేది. ఎండలకు నదిలో నీళ్లు తగ్గకముందే రాజమండ్రికి ఆఖరి పడవ వెళ్లిపోతుంది. నా ఒక్కదాని చేతుల మీద అంత పని తెమిలేది కాదు. నాన్న పెంకుతోనే షావుకారుకు పోసేద్దామని కావడి కట్టాడు.

అత్త గోడ అవతలి నుంచే చూసింది. చింతగింజ బుగ్గ మారింది.

"పెంకుతోని అమ్ముతవా తమ్ముడా? ఆ పైసలకు సూదిమందు వస్తదా, సీసా మూత వస్తదా? దించు ముందు!"

మర్నాడు పొద్దున్నే మా వాకిలి నిండా ఆడవాళ్లు. ఊరి పైనున్న గుంపు, అదే గిరిజన గూడెం, అక్కడి నుంచి దోర్లా ఆడవాళ్లూ వచ్చారు. అత్త వాళ్లతో వాళ్ల మాటలోనే మేలమాడుతూ, మాతో మా మాటలో కసురుతూ కొయ్య సుత్తి పట్టుకుని మధ్యలో కూర్చుంది. మంచంలో ఉన్న అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఒకరి దగ్గర చేయి చాపిన మనిషి కాదు.

"నా రోగానికి ఊరంతా చేతులు అరగదీసుకోవాల్నా వదినా? అసొంటి మందు నాకొద్దు. సూది పొడవనియ్య."

"దానం ఎవరు చేస్తున్నరే మరదలా? బదులుకు వచ్చినం" అంది అత్త, తల ఎత్తకుండానే. "లేచినంక మా ఇండ్లకొచ్చి కొట్టియ్యి. ఎగ్గొట్టి పోదామనుకుంటున్నవా ఏంది?"

ఈరోజు నీ ఇంటికి నేను, రేపు నా ఇంటికి నువ్వు. పనికి పని ఇచ్చుకునే బదులు మా ఊళ్లో అందరికీ ఉన్నదే. దానికి అమ్మ కాదనలేకపోయింది. చింతపండు ఆఖరి పడవలో వెళ్లింది, తిరుగు ప్రయాణంలో ఆ పడవలోనే మందు వచ్చింది. డాక్టరుగారు సూది ఎత్తగానే అమ్మ చెయ్యి చాపింది.

మరుసటి వేసవికి అమ్మ సుత్తి తీసుకుని ఇల్లిల్లూ తిరిగింది. దోర్లా గుంపుకు కూడా వెళ్లి కొట్టి వచ్చింది. అత్త మాత్రం గడప తొక్కనివ్వలేదు. "ఈ ఏడు నాకు కాయే లేదు పో" అనేది, వెనక చెట్టు కొమ్మలు కాయతో వంగిపోతుంటే. ఏటా అదే మాట. అమ్మ చిన్నబుచ్చుకునేది, నాకు ఒళ్లు మండేది. ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు నిలదీశాను.

అత్త ఆరోజు తిట్టలేదు. బుగ్గలో గింజ కదల్లేదు. "బదులు మిగిలున్నన్నాళ్లు మనిషి లేచి తిరుగుతది. నా బదులు కూడ తీరితే మీ అమ్మ మళ్ల మంచమెక్కుతదేమోనని నాకు భయం కోడలా. ఉండనియ్యి" అంది. అంత నోరున్న మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేను ఇంకెప్పుడూ వినలేదు. మా అమ్మ బతికి ఉందంటే సగం సూదిమందు, సగం ఆ భయం. అదే నా నమ్మకం.

మొన్న ఆ పడవ దిగి నేను వెళ్లేసరికి అత్త అంత్యక్రియలు అయిపోయాయి. మా ఇంట్లో అమ్మ లేదు. గోడ అవతల సుత్తి చప్పుడు వినిపించింది. అత్త వాకిట్లో, ఆమె సగం కొట్టి వదిలిన చింతకాయ కుప్ప ముందు, అమ్మ కూర్చుని ఉంది. చేతిలో అత్త సుత్తి. నేను పక్కన కూర్చుని ఒక కాయ అందుకోబోయాను.

"నువ్వు ముట్టకు" అంది అమ్మ. "ఇది నా బదులు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అమ్మ కొడుతూనే ఉంది, మెల్లగా, ఒక్కొక్క కాయే, కుప్ప తరిగిపోవడం ఇష్టం లేనట్టు.