ప్రభువు వేషగాడికి కాలు తగిలింది

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం ట్రైన్‌లో నా ఎదుట ఒకడు కూర్చున్నాడు. వెల్వెట్ కోటు, మెడ చుట్టూ కుచ్చుల పట్టీ, నడుముకి కత్తి. ఏదో ఫెయిర్‌లో ట్యూడర్ రాజుల కాలం నాటి ఇంగ్లిష్ ప్రభువు వేషం కడుతున్నానని పక్కవాళ్లకి గొప్పగా చెబుతున్నాడు.

దిగడానికి లేస్తుంటే నా కాలు వాడికి తగిలింది. అలవాటు కొద్దీ వంగి, వాడి మోకాలు తాకి వేళ్లు కళ్లకద్దుకున్నాను. వాడు ఉంగరం తొడిగిన చెయ్యి నా మూతి ముందు పెట్టాడు.

"కిస్ ద రింగ్, మై గుడ్ మ్యాన్!"

పెట్టెలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"కాలు తగిలినందుకు సారీ చెప్పాను. నీకు దండం పెట్టలేదు" అన్నాను.

"ఇక్కడ సారీ నోటితో చెప్తాం, మేట్." ఈసారి ప్రభువు గొంతు కాదు, వాడి సొంత గొంతే.

ఇప్పుడు నేనూ నోటితోనే చెప్తాను. చెయ్యి మాత్రం ముందే కదులుతుంది. దాన్ని జేబులో పెట్టేసుకుంటాను.