ఆర్విల్ తగిలించని బోర్డు

మా బడి బస్సు డ్రైవరు ఆర్విల్‌కి ఉన్నంత మొండితనం ఈ ఐడాహో కొండల్లో కంచరగాడిదలకి కూడా లేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ బడి వంటగదిలో గరిటె తిప్పుతూ ఆయన్ని రోజూ చూస్తున్నదాన్ని, ఊరికే అనను.

పిల్లల్ని దించేశాక డ్రైవరు బస్సు చివరిదాకా నడిచి, ప్రతి సీటు కిందా వంగి చూసి, వెనక అద్దానికి 'బస్సు ఖాళీ' అన్న బోర్డు తగిలించాలి. మా ఊళ్ళో ఆ పద్ధతి వచ్చిందే ఆర్విల్ చేసిన తప్పువల్ల. ఒక జనవరిలో ఒకటో తరగతి పిల్ల లోర్నా వెనక సీట్లో కోటు కప్పుకుని నిద్రపోయింది. ఈయన చూసుకోకుండా బస్సు షెడ్డులో పెట్టి, తాళం వేసి ఇంటికి పోయాడు. రెండు గంటల తర్వాత దొరికేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఆర్విల్ ఉద్యోగం మానేస్తానన్నాడు. మర్నాడు ఆ పిల్లే బస్సెక్కి, "ఇవాళ మర్చిపోకుండా లేపు, సరేనా?" అంది. ఆయన మానలేదు.

ఆ లోర్నాయే పెద్దయ్యాక మా బళ్ళో సైన్సు టీచరైంది. చంద్రుడి మీద గుంటలు ఎలా పడ్డాయో చూపించడానికి నా గోధుమపిండంతా పళ్ళెంలో పోసి గోలీలు విసిరించేది. నేను తిట్టేదాన్ని, మర్నాడు మళ్ళీ డబ్బా ఇచ్చేదాన్ని. పదకొండేళ్ళు అలా పాఠాలు చెప్పి, వ్యోమగామిగా ఎంపికైంది. మా పిల్ల అని ఊరంతా చెప్పుకు తిరిగాను.

ఆమె అంతరిక్ష నౌక పైకెళ్ళిన రోజు నుంచి ఆర్విల్ ఆ బోర్డు తగిలించడం మానేశాడు.

"ఏమయ్యా, ముసలితనం వచ్చి చెయ్యి అందట్లేదా?" అన్నాను.

"సీట్లన్నీ చూస్తూనే ఉన్నాను డెల్లా. నా బస్సెక్కిన పిల్ల ఒకతి ఇంకా దిగలేదు. ఖాళీ అని ఎలా పెట్టను?"

"పైవాళ్ళు చూస్తే ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ."

ఆయన భయం నాకు తెలుసు. తిరిగొస్తూ ముక్కలైపోయిన ఇంకో నౌకని ఒకప్పుడు మేమిద్దరం ఒకే టీవీలో చూశాం మరి. లోర్నా పైనున్న పన్నెండు రోజులూ ఆయన నా వంటగదికి కాఫీకి కూడా రాలేదు.

పదమూడో రోజు పొద్దున భోజనాల హాల్లో టీవీ పెట్టారు. దిగేటప్పుడు కొన్ని నిమిషాలు నౌక నుంచి మాట వినపడదని, కంగారు పడొద్దని లోర్నా పిల్లలకి ముందే చెప్పి వెళ్ళింది. ఆ నిమిషాలు వచ్చాయి. పిల్లలు వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు. ఆర్విల్ టోపీ నలుపుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు. పొయ్యి మీద అట్లు మాడుతున్నా నేను టీవీ ముందు నుంచి కదల్లేదు.

పారాచూట్లు విచ్చుకున్నాయి. నౌక దిగింది. తలుపు తీశారు. లోర్నా బయటికొచ్చి చెయ్యి ఊపింది. హమ్మయ్య! పిల్లల కేకలకి చెవులు గింగుర్లెత్తాయి. నేను భోరున ఏడ్చాను, దాచడం ఎందుకు?

కళ్ళు తుడుచుకుని చూస్తే గుమ్మంలో ఆర్విల్ లేడు. బయటికెళ్ళాను. ఆయన బస్సులో ఒక్కో సీటు కిందా వంగి చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. వెనక సీటు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత బోర్డు తగిలించి దిగొచ్చాడు.

"ఇప్పుడు తృప్తేనా, మొండిఘటం?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"అందరూ దిగారు డెల్లా," అన్నాడు. "ఇక కాఫీ పొయ్యి."