రాత్రి ఎనిమిదింటికి పొద్దుపొడుపు

2011 జూన్ నెల. అప్పట్లో నేను న్యూజెర్సీలో ఒక సెలూన్‌లో వారమంతా కనుబొమ్మలు తీర్చి, శని ఆదివారాలు మనవాళ్ళే నడిపే ఒక చిన్న తెలుగు టీవీ స్టూడియోలో మేకప్ వేసేదాన్ని. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. పార్సిప్పనీలో ఒక ఆఫీసు భవనం కింది అంతస్తులో ఒక గది, కొన్ని లైట్లు, ఒక కెమెరా, వెనకాల చార్మినార్ బొమ్మ. అంతే. చదువంటారా, నాకు ఎనిమిదో తరగతితో సరి. లెక్కల మాస్టారు నా మీద ఆశ వదులుకున్నారు. నేను ఆయన మీద అంతకు ముందే వదులుకున్నాను. తెనాలిలో మా మేనత్త బ్యూటీ పార్లర్‌లో పని నేర్చుకుని, పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చి పడ్డాను.

కెమెరా మేకప్ వేరు, పెళ్ళి మేకప్ వేరు. పెళ్ళిలో మనిషి కన్ను చూస్తుంది, కన్ను మర్యాదస్తురాలు, కొంత చూసీ చూడనట్టు పోతుంది. కెమెరా చాడీల మనిషి. ఉన్నదాన్ని పెంచో తగ్గించో చెప్తుంది తప్ప ఉన్నట్టు చెప్పదు. ఎదురుగా తెల్లచీర కనపడితే చాలు, కంగారుపడి ముఖం చీకటి చేసేస్తుంది. జిడ్డు నుదురు మీద లైటు పడితే దాన్ని మేం షైన్ అంటాం, తెర మీద అది స్టీలు పళ్ళెంలా మెరుస్తుంది. సన్నగళ్ళు కనపడితే దానికి వణుకు పుడుతుంది. ఒకసారి ఒక గుండె డాక్టరు అంకుల్ నేను వద్దన్నా వినకుండా సన్నగళ్ళ చొక్కాతో కూర్చున్నారు. ఆయన గుండెజబ్బుల గురించి గంట మాట్లాడితే చూసినవాళ్ళకి కళ్ళజబ్బు వచ్చింది.

అలాంటి రోజుల్లో ప్రత్యూష అనే అమ్మాయి స్టూడియోకి వెతుక్కుంటూ వచ్చింది. జెర్సీ సిటీలో ఉంటుంది. రోజూ రైలెక్కి మన్‌హట్టన్‌లో ఒక బ్యాంకుకి వెళ్ళి కంప్యూటర్ పని చేస్తుంది. వచ్చీ రాగానే కుర్చీలో కూర్చుని,

"ఆంటీ, నన్ను రెండు షేడ్‌లు తెల్లగా చెయ్యాలి" అంది.

"ముందు నువ్వు నన్ను పదేళ్ళు చిన్నదాన్ని చెయ్యి. అక్కా అను."

"సరే అక్కా. వచ్చే శనివారం నాకు పెళ్ళిచూపులు. స్కైప్‌లో."

అప్పట్లో అది కొత్త ముచ్చట. ఇండియాలో అబ్బాయి తరపువాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుంటారు, ఇక్కడ అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. కాఫీలు, పకోడీలు ఎవరివి వాళ్ళే తింటారు. ప్రత్యూషకి అంతకుముందే ఒక సంబంధం అలా వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.

"అమ్మాయి కొంచెం డల్‌గా ఉంది అన్నారంట."

"డల్ అంటే?"

"డల్ అంటే ఏంటో మీకు తెలీదా అక్కా?"

తెలుసు. మన భాషలో డల్ అనేది ఒక రంగు.

"పోతే పోయారు. ఇంకోటి వస్తుంది" అన్నాను, తేలిగ్గా.

"ఇది అలా పోకూడదక్కా. శ్రీకాంత్ అని, ఇక్కడే అమెరికాలో, మోరిస్‌విల్‌లో జాబ్. రెండు నెలల నుంచి ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం. నా జోకులకి నవ్వుతాడు."

"నవ్వితే పెళ్ళి చేసేసుకుంటావా?"

"మీరు నా జోకులు వినలేదు కాబట్టి అలా అంటున్నారు."

శ్రీకాంత్ వీసా స్టాంపింగ్ కోసం తణుకు వెళ్ళాడట. అక్కడే తల్లినీ నాయనమ్మనీ పక్కన పెట్టుకుని చూస్తాడు. వాళ్ళమ్మ సరేనంటే ఇంక అడ్డేమీ లేదు. ఆవిడ కాదంటే ఎదిరించే రకం కాదు. "అంత మంచోడు, అదే ప్రాబ్లమ్" అంది ప్రత్యూష.

నా పనిలో ఫౌండేషన్ అని ఒకటుంటుంది. ముఖమంతా ఒకే రంగులో కనపడటానికి రాసే పూత. దాన్ని ఒంటిరంగుకి కలిపితే కనపడదు. ఒంటిరంగు కంటే తెల్లది రాస్తే ముఖం ఒక ఊరు, మెడ ఒక ఊరు అవుతుంది. కెమెరాలో అయితే మరీ, బియ్యప్పిండి జల్లించిన మనిషిలా బూడిదగా తేలుతుంది. ఆ సంగతే చెప్పి, రెండు షేడ్‌లు ఇవ్వనన్నాను.

"మరి నేను డల్‌గా కనపడితే?"

"నువ్వు డల్ కాదు. చామనఛాయ. దానికో కాంతి ఉంది, దాన్ని చూపించే పూచీ నాది" అన్నాను. మాట ఇవ్వడానికి డబ్బులక్కర్లేదు కదా.

శనివారం సాయంత్రం నా పెట్టె మోసుకుని జెర్సీ సిటీ వెళ్ళాను. ఆ పిల్లకి ఇక్కడున్న పెద్దదిక్కు వసుంధరగారని పిన్ని. ఎడిసన్ నుంచి వచ్చి ఇల్లంతా ఆక్రమించారు. మంచం మీద చీరలు పరిచి ఉన్నాయి. తెల్లటి పట్టుచీర ఆవిడ ఎంపిక. ముఖం చీకటవుతుందని పక్కన పెట్టించాను. చిన్న గళ్ళ మంగళగిరి చీర తీశారు. గుండె డాక్టరు అంకుల్ కథ చెప్పి దాన్నీ తప్పించాను. జానెడు జరీ అంచు ఊదారంగు పట్టుచీర తీశారు.

"ఇదైనా మీ కెమెరా గారికి పడుతుందా?" అన్నారు.

"జరీ మెరుపుకి అమ్మాయి కనపడదండీ. చీరకి పెళ్ళి కుదురుతుంది."

చివరికి బంతిపువ్వు రంగు, సన్న అంచు, ఒంటిమీద బుటా కూడా లేని చీర కట్టించాం. రాళ్ళ నెక్లెస్ మాన్పించి సన్నగొలుసు వేశాం. గాజులు మైకు దగ్గర గలగలమంటాయని తగ్గించాం. ముఖానికి ఒంటిరంగు ఫౌండేషన్, మీద కాస్త పౌడరు, కంటికి కాటుక, పెదవికి ఇటుకరంగు. అద్దంలో చూసుకుని ప్రత్యూష ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరే నా జీతం.

మేకప్ అయ్యాక ఒకసారి కెమెరాలో చూసుకోవాలి. మా పనిలో అది మొదటి సూత్రం. ల్యాప్‌టాప్ తెరవబోయాను. వసుంధరగారు అడ్డం వచ్చారు.

"మంచి ఘడియ రాకుండా తెర తియ్యకూడదు."

చూద్దును కదా, ల్యాప్‌టాప్ మూత మీద పసుపు, కుంకుమ బొట్టు. దాన్ని హాల్లో తూర్పుగోడకి ఆనించి స్టూలు మీద పెట్టారు. ఎదురుగా తూర్పుముఖంగా అమ్మాయికి కుర్చీ. ఘడియ శ్రీకాంత్ వాళ్ళ నాయనమ్మ పెట్టించిందట. వాళ్ళకి ఆదివారం తెల్లవారుజాము అయిదున్నర, మనకి శనివారం రాత్రి ఎనిమిది. జూన్ నెల కాబట్టి రాత్రి ఎనిమిదంటే పేరుకే రాత్రి. బయట ఇంకా ఎండ.

ఎనిమిదయింది. బొట్టు పెట్టిన మూత తెరిచారు. స్కైప్ గంట మోగింది. మూలన చిన్న గడిలో మన బొమ్మ మనకి కనపడుతుంది కదా, అది చూశాను. బంతిపువ్వు రంగు చీర లేదు, కాటుక లేదు, ప్రత్యూషే లేదు. నల్లటి నీడ ఒకటి కూర్చుని ఉంది. ఆమె వీపు వెనక పడమటి కిటికీ నిండా వాలుతున్న సూర్యుడు. దీన్ని మేం బ్యాక్‌లైట్ అంటాం. మనిషి వెనక వెలుగు ఎక్కువైతే కెమెరా వెలుగుకి దండం పెట్టి మనిషిని మసి చేస్తుంది.

"హలో... అమ్మాయి ఏదీ? ఏవీ కనపడట్లేదు" అని అవతల నుంచి ఒక ఆడగొంతు. శ్రీకాంత్ వాళ్ళమ్మ.

"ఉందండీ వదినగారూ, ఎదురుగానే ఉంది" అన్నారు వసుంధరగారు.

"నల్లగా ఏదో కదులుతోంది."

ప్రత్యూష భుజాలు కుంగిపోయాయి. నేను ఉరికి కిటికీ బ్లైండ్స్ మూశాను. గది నుయ్యి అయిపోయింది. అమెరికా అపార్ట్‌మెంట్ హాల్లో పైన లైటుండదు, మూలన స్టాండు లైటొకటి. అది వేస్తే పిల్లకి కామెర్లు వచ్చినట్టుంది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ నీడ.

అప్పుడు చూశాను అవతలి బొమ్మని. ట్యూబ్‌లైటు కింద తల్లి, శాలువా కప్పుకున్న నాయనమ్మ, మధ్యలో శ్రీకాంత్. కుర్రాడి ముఖం సున్నం కొట్టిన గోడ. చెవులు మాత్రం వాటి రంగులో అవి ఉన్నాయి. నాకు నవ్వాగలేదు, పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"వసుంధరగారూ, కుర్చీ తిప్పేద్దాం. అమ్మాయి కిటికీకి ఎదురుగా కూర్చోవాలి" అన్నాను మెల్లగా.

"పడమటి ముఖంగానా? అస్తమించే సూర్యుడి వైపా? శుభమా అని కూర్చుంటే!"

"ఇలాగే ఉంచితే సూర్యుడొక్కడే కాదండీ అస్తమించేది."

ప్రత్యూష లేచి తనే కుర్చీ తిప్పేసింది. నేను స్టూలు కిటికీ కిందికి లాగాను. ఎండ పిల్ల ముఖం మీద పడింది. అంతే, ఎవరో దీపం ఒత్తి ఎగదోసినట్టు ముఖం వెలిగింది. ఆ వెలుగులో చామనఛాయ తేనెరంగుకి తిరుగుతుంది. నేను పెట్టెలో వెతికినా దొరకని షేడ్ అది.

అవతల నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది, పదునుగా.

"ఏ దిక్కుకి కూర్చోబెట్టారు పిల్లని?"

అబద్ధం చెప్పాలా, నిజం చెప్పాలా అని వసుంధరగారు నా వంక చూశారు. ప్రత్యూష కళ్ళు ల్యాప్‌టాప్ మీద నుంచి కదల్లేదు. నేను తల దూర్చాను.

"బామ్మగారూ, నేను మేకప్ వేసే అమ్మాయినండీ. మీ వీధి గుమ్మం ఏ ముఖం?"

"తూర్పు."

"ఒకసారి తలుపు తీయించండి. సూర్యుడు వచ్చాడా?"

శ్రీకాంత్ లేచి తలుపు తీశాడు. వాళ్ళింట్లోకి లేత ఎండ పాకింది.

"ఇప్పుడే పొడుస్తున్నాడు" అందావిడ.

"ఆయనే అండీ. ఇక్కడ మాకు సెలవు చెప్పి అక్కడ మీకు పొడుస్తున్నాడు. మీ పెళ్ళిచూపులు మీ ఊరి ఘడియకే కదా. మీ ఊరి లెక్కలో ఈ పిల్ల పొద్దుపొడుపుకి ఎదురుగా కూర్చుంది."

నాయనమ్మ ఆలోచించింది. వసుంధరగారు ఏ దేవుడికి మొక్కుకున్నారో తెలీదు కానీ పెదవులు కదులుతున్నాయి.

"లెక్క బానే ఉంది" అందావిడ చివరికి. "ఎంత చదివావమ్మా?"

"లెక్కల దగ్గరే ఆపేశానండీ."

ఆవిడ నవ్వింది. నాకు ధైర్యం వచ్చి, "ఇంకొక్క మాట. ట్యూబ్‌లైటు ఆపి, అబ్బాయిని కూడా గుమ్మం వైపు తిప్పండి. ముఖం ఒకసారి తుడుచుకోమనండి" అన్నాను.

శ్రీకాంత్ తువ్వాలుతో తుడుచుకుని వచ్చేసరికి ప్రత్యూష రంగే, ఇంకా ఒక పిసరు ఎక్కువ. వాళ్ళమ్మ సిగ్గుపడింది.

"నేనే రాశానమ్మా పౌడరు. వీడి రంగు చూసి మీరేమనుకుంటారోనని..."

నేను సర్దిచెప్పేలోగా ప్రత్యూష అందుకుంది.

"పర్లేదండీ. నేను కూడా రెండు షేడ్‌లు అడిగాను. అక్కే ఇవ్వలేదు."

వసుంధరగారు నెత్తి కొట్టుకున్నారు. అవతల ముందు శ్రీకాంత్ నవ్వాడు. వాడెలాగూ నవ్వుతాడు, వాడి నవ్వుకి లెక్కలేదు. ఆ తర్వాత వాళ్ళమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. నవ్వాపుకుని, "తెరలో ఇంకొంచెం దగ్గరికి రామ్మా, చూస్తాను" అంది. అప్పటిదాకా ఆవిడ గొంతు బేరమాడే గొంతు. ఆ మాట మాత్రం ఇంట్లో పిల్లని పిలిచినట్టుంది. కిటికీలో సూర్యుడు వెళ్ళిపోయేదాకా మాట్లాడుకున్నారు. వాళ్ళకి బాగా తెల్లవారిపోయింది.

పెళ్ళికి నన్నే మేకప్‌కి పిలిచారు. ఇద్దరికీ వేశాను. పెళ్ళికొడుకు దగ్గర పౌడరు డబ్బా పెట్టొద్దని వాళ్ళమ్మ ముందే చెప్పింది.

ఆ తర్వాత ఎన్నో ముఖాలు నా చేతి కింద నుంచి కెమెరా ముందుకెళ్ళాయి. ఇప్పటికీ ఎవరైనా వచ్చి "అక్కా, రెండు షేడ్‌లు" అంటే నేను పెట్టె తెరవను. ముందు వాళ్ళని కిటికీ వైపు తిప్పి చూస్తాను. చాలామందికి కుర్చీ తిప్పితే చాలు.