పెళ్లిచూపులకు ముందు పవర్ క్లీన్

పెళ్లిచూపులకు ఆరు రోజుల ముందు బుద్ధున్నవాడెవడైనా ఏం చేస్తాడు? జుట్టు కత్తిరించుకుంటాడు, చొక్కా ఇస్త్రీ చేయిస్తాడు. నేను మాత్రం నా మూతి నేనే పగలగొట్టుకున్నాను. అదీ ఎవరి సాయమూ లేకుండా!

అప్పట్లో నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో క్లర్కుని. సంబంధం తెచ్చింది మా అక్క మొగుడు, హబ్సిగూడ బావ. అమ్మాయిది పీర్జాదిగూడ, బళ్లో టీచరు. ఫొటో చూసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. అంతకుముందు రెండు సంబంధాలు "పిల్లగాడు మరీ బక్కగున్నడు" అని తప్పిపోయాయి. కాబట్టి ఈసారి భుజాలు పెంచి చూపించాలని తీర్మానించాను. ఆరు రోజుల్లో!

ఏడాదిగా జిమ్ముకు పోతూనే ఉన్నాను లెండి. అక్కడ నేను చేసే ముఖ్యమైన వ్యాయామం అద్దం చూసుకోవడం. ఆ సోమవారం ఫోన్లో ఒక వీడియో కనపడింది. ఒకడు రెండు కొసలకీ బరువు బిళ్లలు తగిలించిన నేలమీది రాడ్డును ఒక్క ఊపులో భుజాల మీదికి తెచ్చి నిలబడ్డాడు. దాని పేరు పవర్ క్లీన్ అట. భుజాలు, వీపు, తొడలు అన్నీ ఒకేసారి పెరుగుతాయట. వెంటనే మా కోచ్ దగ్గరికి పోయాను.

"యాదన్నా, ఇయ్యాల్టి సంది పవర్ క్లీన్ జేస్త."

"జేద్దువు గని, ముందుగాల గీ ప్లాస్టిక్ పైపుతోని వారం దినాలు నేర్చుకో."

"పైపుతోనా? నేనేమన్న నల్లాలు బిగిస్తున్ననా అన్నా?"

"శీనూ, జర ఇను. చేతులతోని గుంజొద్దు, తుంటితోని లేపాలె. లేకుంటె రాడ్డు మూతికి తగుల్తది."

"నాకెరుకే అన్నా, వీడియో జూసిన."

చూశారా, ఎంత పాండిత్యమో! ఫోన్ మోగి యాదన్న బయటికి పోగానే రాడ్డు పట్టుకున్నాను. బలమంతా చేతుల్లో నింపి, మెడ ముందుకు చాచి, ఒక్క గుంజు గుంజాను. భుజాలకని బయలుదేరిన రాడ్డు దారిలో నా గడ్డం దగ్గర దిగిపోయింది.

ఆదివారానికి కింది పెదవి మిర్చిబజ్జీలా ఉంది. గడ్డం మీద అడ్డంగా నల్లటి గీత. వాయిదా వేద్దామంటే బావ వినలేదు. "ఏస్తే వాళ్లు ఇంకో పిల్లగాన్ని జూసుకుంటరు," అన్నాడు. ఎవరడిగినా బండి మీది నుంచి పడ్డానని చెప్పాలని ఆటోలో మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. అమ్మ వెనకాల వేరే ఆటోలో వస్తోంది.

వాళ్లింట్లో కూర్చోగానే అమ్మాయి తండ్రి అడగనే అడిగాడు. "మూతికేమైంది బిడ్డా?"

"బండి మీదికెల్లి పడ్డడు," అన్నాడు బావ.

"బాత్రూంల జారిండు," అంది అమ్మ, సరిగ్గా అదే క్షణంలో.

పెద్దాయన మొహం మాడిపోయింది. "తాగుతడేమోనే," అని భార్య చెవిలో అన్నమాట హాలంతా వినపడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. సంబంధం చేజారిపోయినట్టే అనుకున్నాను.

అప్పుడు అమ్మాయి నోరు విప్పింది. "కాదు నాన్నా. పడితే గట్ల అడ్డంగ గీత పడదు. రాడ్డు తగిలింది." నావైపు తిరిగింది. "పవర్ క్లీనే గదా? చేతులతోని గుంజిన్రా?"

ఆమె బళ్లో ఆటల టీచరని, కాలేజీ రోజుల్లో బరువులెత్తే పోటీలకు పోయిందని మహానుభావుడు మా బావ ఎక్కడా చెప్పలేదు! తలూపాను.

"ఎంత బరువేసిన్రు?"

ఒక పెద్ద అంకె చెప్పేసి పరువు దక్కించుకోవచ్చు. కానీ ఆ కళ్ల ముందు అబద్ధం పెగల్లేదు.

"ఏమెయ్యలే. ఒట్టి రాడ్డే."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత వాళ్ల నాన్న, ఆఖరికి మా అమ్మ కూడా. నవ్వులు ఆగాక సంబంధం ఖాయమైంది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: "పెండ్లయ్యేదాంక రాడ్డు ముట్టొద్దు."

పెళ్లయి నాలుగేళ్లు. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. అయినా ఈ జన్మలోనే కాదు, వచ్చే జన్మలో కూడా పవర్ క్లీన్ జోలికి పోనని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంటికొక్కరికి వస్తే చాలు. మా ఉప్పల్ ఇంట్లో మూడో అంతస్తుకు గ్యాస్ సిలిండర్ మోసేది ఆవిడే; నేను ముందు నడిచి తలుపు తీస్తాను.