కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి

2014 చలికాలం. రాయపూర్‌లో టాటీబంధ్ దాటాక మా షెడ్డు. లారీలకూ ట్రైలర్లకూ బాడీలు కట్టడం, గాలి వాటిని పట్టి లాగకుండా సర్దడం మా పని. కదిలే బండిని గాలి వెనక్కి లాగే బలాన్ని డ్రాగ్ అంటారు. బండి ఎంత పలకగా ఉంటే అంత డ్రాగ్, అంత డీజిల్. ఈ మాట చెబితే ఓనర్లు చెవిన పెట్టరు గానీ, కేబిన్ నెత్తిన కిరీటం, దానికి రెండు నెమళ్లూ పెడతానంటే మాత్రం పరుగెత్తుకొస్తారు!

ఆ రోజు వచ్చింది లారీ కాదు, క్యాంపర్. అంటే పికప్ వెనక చిన్న గది కట్టిన బండి. మంచం, స్టవ్వు, దేవుడి పటం అన్నీ అందులోనే. తెచ్చింది సూర్యనారాయణ బాబాయి. రైలింజన్ డ్రైవరుగా రిటైరై దేవేంద్ర నగర్‌లో ఉంటాడు. చుట్టరికం లేదు, మా నాన్నదీ ఆయనదీ ఒకే జిల్లా, శ్రీకాకుళం. భార్య సత్యవతి పిన్నికి నడుం నొప్పి, ఎక్కువసేపు కూర్చోలేదు. ఆమె వెనక పడుకుని ఉంటే తను ముందు తోలుతూ దేశమంతా తిప్పాలని ఆయన ఆశ.

"మైలేజీ రాట్లేదురా రమణా. అరవై దాటితే ఆడమనిషి ఏడ్సినట్టు ఒకటే మోత. ముందది బంద్ సెయ్యి," అన్నాడు.

ఆ మోత నేనూ విన్నాను. అమ్మో, మధ్యలో ఎక్కిళ్లు కూడా! కారణం మాత్రం మామూలిదే. గది కేబిన్ కంటే బాగా ఎత్తు, రెంటికీ మధ్య సందు. ఆ సందులో గాలి సుడి తిరిగి ఊళ పెడుతోంది. కేబిన్ మీద వాలుగా ఫైబర్ డిఫ్లెక్టర్ బిగించాను. గాలి గది గోడకు కొట్టుకోకుండా పైకి జార్చే తొడుగు అది. సందుకు రబ్బరు పట్టీలు వేశాను. ఏడుపు ఆగిపోయింది. నా పనికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండా బాబాయి మళ్లీ వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మోత పోనాది గానీ మీ పిన్నికి మతి పోతోందిరా. కాళ్ల దగ్గర వాళ్లక్క కూసుంటాదట. ఆవిడ పోయి ఎన్నేళ్లో అయింది! నిన్న మీ పిన్ని ధమ్‌తరీ రోడ్డులో నడుస్తున్న గాడీ తలుపు గడియ తీసేసింది. అద్దంలో తలుపు ఊగడం సూసి బ్రేకేసినాను. లేపోతే రోడ్డు మీద పడిపోయుండేది. రేపు బైగా దగ్గరికి తీసుకెల్తన్నాను. గాడీ అమ్మేస్తాను."

బైగా అంటే ఇక్కడి భూతవైద్యుడు. పిన్ని బండిలోనే పడుకుని వింటోంది.

"పిచ్చి కాదు నాయనా," అంది. "అక్క మొదట్నించీ వస్తాది. సెప్తే నవ్వుతారని సెప్పలేదు. పాదాల మీద సెయ్యేసి, లే, ఇంటికెల్పోదాం అంటాది. గాడీ ఆగిన కాసేపటికి ఎల్పోద్ది."

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. దయ్యానికి బండి నడిస్తేనేం, ఆగితేనేం?

"బాబాయ్, నువ్వెప్పుడైనా వెనక ఎక్కావా?"

"నానెక్కితే తోలేదెవడ్రా?"

"సరే, నేనెక్కుతాను. పద."

పట్టపగలు, ఆరంగ్ వైపు హైవే. పిన్ని మంచం మీద, నేను కింద. బయల్దేరినప్పుడల్లా చేసినట్టే ఆమె వెనక తలుపు పక్కనున్న పటం ముందు ఊదిబత్తి వెలిగించింది. ముందు కిటికీలు మూసి ఉన్నాయి. వెనకది తెరిచి ఉంది. పైకప్పులో ముందు వైపు చిన్న మూత కూడా ఎత్తి ఉంది.

"వెనకది తెరిచారేం పిన్నీ?"

"మీ బాబాయి ఆర్డరు. ఇంజన్లో ముందు అద్దాలు మూసి, ఎనక తెరుసుకునీవోరట. దుమ్ము రాదంట."

బండి వేగం అందుకుంది. ఊదిబత్తి పొగ వెనక కిటికీలోంచి బయటికి పోవాలి కదా? పోలేదు. ఎవరో బయటినుంచి ఊదినట్టు లోపలికి వంగింది. మెల్లగా వచ్చి పిన్ని పాదాల దగ్గర ఆగి, అక్కడ కాసేపు నిలబడి, పైకప్పు మూత వైపు లేచింది. పాదాల దగ్గర దుప్పటి నల్లగా మాసి ఉంది.

"సూసినావా, వచ్చేసింది," అంది పిన్ని.

నా తల దిమ్మెక్కింది, చెవుల్లో హోరు. చెప్పొద్దూ, నా పక్కన ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది. తిరిగి చూడటానికి ధైర్యం చాల్లేదు. పిన్ని కళ్లు మూసుకుని, నడుం నొప్పే లేనట్టు లేచి, నవ్వుతూ తలుపు గడియ మీద చెయ్యేసింది. ఆ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో గది గోడను దబదబా బాదాను.

బండి ఆగింది. పిన్నిని చల్లగాలిలో కూర్చోబెట్టి, నేను రోడ్డు పక్కన కక్కుకున్నాను. తర్వాత వంగి బండి కిందికి చూస్తే విషయం తెలిసింది. సైలెన్సర్ గొట్టం సరిగ్గా వెనక తలుపు కిందే ఆగిపోయింది! పలకగా ఉన్న గది వెనక గాలి ఒత్తిడి పడిపోయి, పొగ వెనక్కి పోకుండా అక్కడే సుళ్లు తిరుగుతుంది. పైమూత లోపలి గాలిని లాగేస్తుంటే, వెనక కిటికీ ఆ పొగను తాగుతోంది. ఇంజను పాతది, కక్కేదంతా తలకెక్కి లేనివి చూపించే విషం. ఆ వాసన ఊదిబత్తి వాసనలో కలిసిపోయింది.

"దయ్యం కాదు బాబాయ్, నీ సైలెన్సర్! ఇంకాస్త దూరం పోయుంటే పిన్ని వాళ్లక్క దగ్గరికే పోయేది," అని నోరు జారాను.

ఆయన అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు. "నా సేత్తో నానే సంపీసుందును కదరా," అని ఏడ్చాడు.

గొట్టాన్ని గది దాటించి పక్కకు తిప్పాను. వెనక కిటికీ మూసేసి, ముందు నుంచి గాలి వచ్చేలా దారి పెట్టాను. గది వెనక అంచులను పడవ చివరలా లోపలికి వాల్చాను, సుడి చిన్నదయింది. మైలేజీ కూడా పెరిగింది గానీ దాని గురించి ఆయన అడగనే లేదు. ఈసారి తాళం నాకిచ్చి, తను వెనక ఎక్కి పిన్ని కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

తిరిగొచ్చాక అడిగాను: "ఎవరైనా వచ్చారా పిన్నీ?"

"లేదు నాయనా. తల నొప్పి కూడా లేదు. నన్ను బతికించినావు." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "మా అక్కని మాత్రం మళ్లీ పంపించీసినావు."

బండిలో ఏదో ఉందని ఎవరైనా చెబితే ఇప్పుడు నేను నవ్వను. ముందు ఎక్కి వాళ్ల పక్కన కూర్చుంటాను. కారణం దొరికాక మరమ్మతు చేసి తీరాల్సిందే, కానీ వాళ్ల దగ్గర్నించి ఏం తీసేస్తున్నానో తెలుసుకోకుండా పానా పట్టుకోను.